కొత్త బ్యారెల్ మోజు

మీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు పాత వస్తువులంటే ప్రాణం. ఆ ప్రాణంలోనే ఒక దొంగబుద్ధి కూడా ఉంది. వస్తువు నూరేళ్ల నాటిదై ఉండాలి, చూడబోతే మొన్ననే చేసినట్టుండాలి. తాతగారి టేకు బీరువాకి సన్‌మైకా అంటించినవాళ్లు, అమ్మమ్మ కాసులపేరు కరిగించి కొత్త ఫ్యాషన్ హారం చేయించినవాళ్లు, ఊళ్లో పాత గుడి రాతిస్తంభాలకి ఆయిల్ పెయింటు కొట్టించినవాళ్లు మనలోనే ఉన్నారు. నేనూ ఆ జట్టులోవాణ్ణే. నా చేతికి చిక్కింది మాత్రం 1870ల నాటి వేట రైఫిలు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్తే మీరు కాస్త క్షమిస్తారు. మాది బొల్లారం. మనుషుల్ని తినే పులుల కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ 1910లో పుట్టింది మా బొల్లారంలోనే. తరతరాలుగా మన దేశంలో స్థిరపడ్డ స్కాటిష్ కుటుంబం వాళ్లది. లా చదవమని ఆయన్ని ఎడిన్‌బర్గ్ పంపిస్తే, ఆ చదువు మధ్యలో వదిలేసి వెనక్కి వచ్చేశాడు. తర్వాత 405 వించెస్టర్ రైఫిలు భుజాన వేసుకుని అప్పటి చిత్తూరు జిల్లాలో మామండూరు అడవుల దాకా పులుల జాడ పట్టుకుని తిరిగాడు. పదో తరగతిలో ఆ పుస్తకాలు చదివినప్పటినుంచీ నా భుజం మీద కూడా ఒక రైఫిలు ఉన్నట్టే ఉండేది. బతుకు మాత్రం నన్ను అటునుంచి ఇటు తోసింది. ఆయన ఎడిన్‌బర్గ్ వదిలి అడవికి పోయాడు, నేను బొల్లారం వదిలి ఎడిన్‌బర్గ్ వచ్చి ఒక బ్యాంకులో కంప్యూటర్ల ముందు కూర్చున్నాను. ఇక్కడి గన్ క్లబ్బులో చేరి, పోలీసులు ఇంటికొచ్చి ఇనప్పెట్టె గోడకి సరిగ్గా బిగించానో లేదో చూసి వెళ్లాక, సర్టిఫికెట్ తీసుకుని, కాగితం అట్టలకి గురిపెట్టి కాలుస్తూ కాలక్షేపం చేస్తున్నాను.

అలాంటి రోజుల్లో ఒక వేలంపాటలో కనబడింది అలెగ్జాండర్ హెన్రీ రైఫిలు. పేరు వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. హెన్రీ ఈ ఊరివాడు. 1852లో దుకాణం పెట్టాడు. సౌత్ సెయింట్ ఆండ్రూ స్ట్రీట్‌లో ఆయన దుకాణం 12వ నంబరు. ఇప్పుడు ప్రిన్సెస్ స్ట్రీట్ మీంచి వచ్చే ట్రాము సెయింట్ ఆండ్రూ స్క్వేర్ వైపు తిరిగేది ఆ వీధిలోకే. నేను రోజూ ఆఫీసుకి పోయే దారి అది. ఆ రైఫిలు బ్యారెల్ పైపలక మీద అదే వీధి పేరు, అదే నంబరు, సన్నటి అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. ఇది నాకోసమే నూటయాభై ఏళ్లు ఆగిందని నిశ్చయించుకున్నాను. మీరైతే నిశ్చయించుకోరా?

ఇక వేలం సంగతి. ఇంత దాటకూడదని ఇంట్లో ఒక అంకె అనుకుని వెళ్లాను. ఎదురు వరసలో ట్వీడ్ కోటు పెద్దమనిషి ఒకాయన నాకు పోటీ. ఆయన చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను, ఆయన కళ్లజోడు మీంచి నన్నొకసారి చూశాడు, అంతే, ఆ చూపులో ఏముందో ఏమో, మా బొల్లారం పరువంతా నా ఒక్క చేతి మీద ఉన్నట్టనిపించి, ఆయన ఎత్తకముందే నేనెత్తి, నా అంకె మీద నేనే ఇంకో అంకె పాడబోతే వేలం పాడే ఆవిడ ఆగి, 'సార్, ఇప్పుడున్న పాట మీదే' అంది, హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే ఇంట్లో అనుకున్న అంకెకి రెట్టింపు దగ్గర సుత్తి దెబ్బ పడింది. ఆ దెబ్బ ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇంత చేసి నేను చెయ్యని పని ఒకటుంది. పాత రైఫిలు చేతిలోకి తీసుకున్నవాడు ఎవడైనా ముందు చూసేది బ్యారెల్ లోపల. నేను వాల్‌నట్ చెక్క మీద తేనెరంగు చారలు చూశాను. బ్యారెల్ వెనక మూతిని మూసే దిమ్మ పక్కన చెక్కిన తీగల పని చూశాను. కింద మీట లాగితే దిమ్మ కిందకి జారి, మళ్లీ పైకి వచ్చి టక్కున కూర్చునే చప్పుడు విన్నాను. ఆ చప్పుడుకే సగం డబ్బులిచ్చేశాననుకోండి. లోపలికి తొంగి చూడలేదు.

ఇంటికి తెచ్చాక చూశాను. మీట లాగి, దిమ్మ దింపి, వెనక మూతి దగ్గర తెల్ల కాగితం పెట్టి, కిటికీ వెలుతురు దానిమీద పడేట్టు పట్టుకుని, ముందు మూతికి కన్ను ఆనించాను. ఈ చివర జానెడు మేర, గుండుని తిప్పే గాళ్లు చక్కగా మెలి తిరుగుతూ మెరుస్తున్నాయి. ఆ తర్వాత మెరుపు లేదు. గోధుమరంగు మచ్చలు, మచ్చల మధ్య సూది మొన దిగేంత గుంటలు, తూటా కూర్చునే చోటుకి కాస్త ముందు ఒక వలయంలా తినేసిన చోటు. పాతకాలపు తుపాకిమందు కాలితే సగానికి పైగా మసిగా లోపలే మిగిలిపోతుంది. ఆనాటి తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది, అది పేలాక ఉప్పుగా మారి ఇనుముకి అంటుకుని గాలిలో తేమ పీలుస్తుంది. వేట అయిన రోజు సాయంత్రమే మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఎప్పుడో ఎవరో దొర ఒక సాయంత్రం అలిసిపోయి, కడగకుండా గోడకి తగిలించి పడుకున్నాడు. ఆ నిద్రకి మూల్యం చెల్లిస్తున్నది నేను.

'కొత్త బ్యారెల్ వేయించేస్తాను' అని ఆ రాత్రే ప్రకటించాను. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, 'ముందు మన బాయిలర్ మార్పించండి. తర్వాత దాని బ్యారెల్ సంగతి చూద్దాం' అంది. ఆవిడ మాట ఎప్పుడూ ఇంతే, కొలిచినట్టుంటుంది. వినాల్సింది. వినకుండా ఆ రాత్రంతా కూర్చుని కొత్త బ్యారెల్ గురించి చదివాను. స్టెయిన్‌లెస్ స్టీలైతే త్వరగా తుప్పు పట్టదు. అద్దంలా మెరుస్తుంది. ఇంటికొచ్చినవాళ్లు చూసి ఊరికే ఉండలేరు. నా ఆలోచనంతా ఆ చివరి వాక్యం దగ్గరే తిరిగింది. గురి ఎక్కడ తగులుతుందన్నది తర్వాతి సంగతి.

తర్వాత జరిగింది చెప్పాలంటే గొంతు కాస్త పట్టేస్తుంది. తెలుగువాళ్లమంతా కలిసిన ఉగాది భోజనాల దగ్గర, పులిహోర ప్లేటు చేతిలో పెట్టుకుని, నలుగురూ చుట్టూ చేరేసరికి నాకు ఊపొచ్చి, హెన్రీ గురించి మొదలుపెట్టి, విక్టోరియా రాణి కాలందాకా పోయి, అక్కణ్ణుంచి ఆండర్సన్ పులుల మీదకి దూకి, కొత్త బ్యారెల్ వచ్చాక ఈ సీజన్లో హైలాండ్స్ వెళ్లి కొమ్ముల దుప్పిని ఒకే దెబ్బకి పడగొడతానని, దాని కొమ్ములు ఈ హాల్లోనే తగిలిస్తానని, ఆడవాళ్లు కూడా ఇటు తిరిగి వింటున్నారని గమనించి గొంతు ఇంకాస్త పెంచి చెప్తుండగా, రాయల్ డిక్ వెటర్నరీ స్కూల్లో చదివే నెల్లూరు కుర్రాడొకడు చాలా మర్యాదగా అడిగాడు.

'అంకుల్, అది ఏ తూటా?'

'మార్టినీ-హెన్రీ తూటా!' అన్నాను ఛాతీ విరిచి.

'గుండు వేగం ఎంతొస్తుంది అంకుల్?'

'సెకనుకి 1,300 అడుగుల చిల్లర.'

వాడు తల గోక్కున్నాడు. 'మరి స్కాట్లాండులో దుప్పిని కొట్టాలంటే 2,450 అడుగులైనా ఉండాలి కదంకుల్. 1985 నాటి ప్రభుత్వ ఆర్డరు. కొత్త బ్యారెల్ వేసినా తూటా అదే కదా.'

నా చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ రైఫిలు తూటాలో 85 గ్రెయిన్ల పాతమందు, 480 గ్రెయిన్ల సీసపు గుండు. బరువుగా, నిదానంగా పోయే గుండు. ఎంత గొప్ప బ్యారెల్ బిగించినా ఆ మందు నుంచి ఆ వేగమే వస్తుంది. ఆ ఆర్డరు పెట్టిన ఉద్దేశం కూడా న్యాయమైనదే, జంతువు గాయంతో కొండల్లో పడి అల్లాడకూడదని. రైఫిలు కొని, బ్యారెల్ ఎంచి, కొమ్ములకి గోడ కూడా చూసుకున్నవాణ్ణి, ఆ ఒక్క అంకె చూసుకోలేదు. కుర్రాడు పాపం 'సారీ అంకుల్' అని నాలుగుసార్లన్నాడు. వాడి తప్పేముంది? గొప్పలు చెప్పుకునేటప్పుడు అంకెలు గుర్తుండే మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను.

దుప్పి పోయినా మోజు పోలేదు. క్లబ్బులో గురికైనా కొత్త బ్యారెల్ కావాలి. ఊరికి కొంచెం దూరంలో, లోథియన్ వైపు, పాత తుపాకులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన నా మాటలేవీ వినకుండా మెత్తటి సీసపు ముక్కొకటి తీసి, నూనె రాసి, వెనక మూతిలో పెట్టి, కొయ్య కడ్డీతో మెల్లగా తోస్తూ పోయాడు. ముందు మూతిలోంచి బయటపడ్డ ఆ ముక్కని నా అరచేతిలో పెట్టాడు. దాని చుట్టూ ఏడు పలకలు, పలక పలక కలిసే ప్రతి మూలలో సన్నటి గీత. 'ఇదీ హెన్రీ' అన్నాడు.

అదే హెన్రీ పనితనం. 1860లో పేటెంటు తీసుకున్నాడు. బ్యారెల్ లోపలి రంధ్రాన్ని ఏడు పలకలుగా తీర్చి, పలకలు కలిసే మూలల్లో సన్నటి గట్టు లేపాడు. గుండు పలకల నడుమా గట్ల మీదా ఆనుకుని, ఒరిగిపోకుండా తిరుగుతూ పోతుంది. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీలో మీట, దిమ్మ, వాటి యంత్రమంతా స్విట్జర్లాండులో ఉండే మార్టినీది. హెన్రీది బ్యారెల్ మాత్రమే. 22 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే ఆ ఏడు పలకల గొట్టానికే ఆయన పేరు సామ్రాజ్యమంతా తిరిగింది. పెద్దాయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. తర్వాత 303 తూటా వచ్చాక ఆ పాత మార్టినీలకి సైన్యం కొత్త బ్యారెళ్లు బిగించింది. మెట్‌ఫర్డ్ గాళ్ల బ్యారెల్ బిగించినవాటిని మార్టినీ-మెట్‌ఫర్డ్ అన్నారు. కార్డైట్ మందు వేడికి ఆ లోతు తక్కువ గాళ్లు త్వరగా అరిగిపోతుంటే, ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం వాళ్లు అయిదు లోతైన గాళ్లతో బ్యారెల్ చేశారు, అవి మార్టినీ-ఎన్‌ఫీల్డ్ అయ్యాయి. యంత్రం అదే, చెక్క పని అదే. బ్యారెల్ మారిన క్షణాన హెన్రీ పేరు ఊడిపోయింది.

నా రైఫిలులో దిమ్మ యంత్రం కూడా హెన్రీదే, అదొక ఊరట. అయినా ఆ మాట విన్నాక బల్ల మీదున్న ఆ గుంటలు పడ్డ గొట్టాన్ని చూసిన చూపు వేరు.

అప్పుడు మొదలైంది అసలు ఎంపిక. నాకు తోచిన తెలివైన ఉపాయం లైనరు. పాత బ్యారెల్ లోపల పెద్దగా తొలిచి, కొత్తగా గాళ్లు తీసిన సన్నగొట్టం దూర్చి అతికిస్తారు. బయట చెక్కిన పేరు, వీధి నంబరు, పలకలు అన్నీ అలాగే ఉంటాయి. చూసేవాడికి ఏమీ తెలీదు. నాకు ఇంతకంటే ఏం కావాలి? పెద్దాయన సీసపు ముక్కని మళ్లీ నా కళ్ల ముందు పెట్టాడు. 'తొలిస్తే పోయేది ఇదే. బయటి అక్షరాలు చెక్కేవాడెవడో చెక్కాడు. హెన్రీ ఉన్నది లోపల.' అలా పోయినది మళ్లీ రాదు. అదే, పాత బ్యారెల్ మర విప్పి, భద్రంగా పక్కన పెట్టి, విడిగా కొత్తది బిగిస్తే, రేపెవరైనా మళ్లీ పాతది ఎక్కించుకోవచ్చు. కొత్త బ్యారెల్ వేయడం అపచారమనీ లైనరు వేయడం భక్తి అనీ అంతవరకూ అనుకున్నాను. ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం తలకిందులైంది, ఇప్పటికీ అలాగే ఉంది. పాత రైఫిలుకి ప్రాణం పోయాలంటే దాని గొట్టం తొలవకండి, విప్పి దాచండి.

విప్పడమూ తేలిక కాదు. నూటయాభై ఏళ్లుగా బిగుసుకున్న మర. వేడిచేసి, నూనె దించి, సీసపు దవడల మధ్య పట్టి తిప్పాలి. దిమ్మ ఇల్లు మెలిపడితే రైఫిలే పోతుంది. కొత్తది కూడా బయట ఎనిమిది పలకల బ్యారెల్ కాబట్టి, పూర్తిగా బిగిసే సమయానికి పైపలక సరిగ్గా పైకే రావాలి, వెంట్రుకవాసి పక్కకి పోయినా గురి చూసే ముక్కు పక్కకి పోతుంది. స్టెయిన్‌లెస్ మాట ఎత్తగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. పాతకాలంలో ఇనుముని మెల్లగా తుప్పు పట్టించి, ఉడికించి, గీకి నల్లరంగు తెప్పించేవారు, ఆ రంగు స్టెయిన్‌లెస్‌కి పట్టదు. మామూలు క్రోమ్-మాలిబ్డినమ్ ఉక్కు చాలు, ఈ మందు ఒత్తిడికి అదే ఎక్కువ. మెలి మాత్రం నా ఇష్టం కాదన్నాడు. గుండు పొడవు పెరిగేకొద్దీ మెలి బిగువుగా ఉండాలని 1879లో గ్రీన్‌హిల్ అనే లెక్కల పండితుడు సూత్రం కట్టాడు. గుండు వ్యాసం వర్గాన్ని 150తో గుణించి, గుండు పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాలకి ఒక చుట్టో వస్తుంది. ఆ సూత్రం రాకముందే హెన్రీ 22 దగ్గర ఆగాడు. మనమూ అక్కడే ఆగుదాం అన్నాడు పెద్దాయన.

అన్నిటికీ సరే అన్నాను. డబ్బు మాట కూడా అయిపోయింది. లేచి వచ్చేస్తే మర్యాదగా ఉండేది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఎలాగూ చేస్తున్నారు కదా, ఎవరూ చూడరు కదా, చిన్న పనే కదా అంటూ, కొత్త బ్యారెల్ పైపలక మీద ఆ అక్షరాలు, అవే, 'అలెగ్జాండర్ హెన్రీ' అన్నవి, ఆ వీధి పేరు, నంబరుతో సహా, అదే వరసలో, అదే సైజులో, కాస్త పాతబడ్డట్టు కూడా కనిపించేలా చెక్కించగలరా అని అడిగేశాను.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోప్పడలేదు, అదే నన్ను చంపింది. 'ఆయన 1894లో పోయాడు. ఈ గొట్టం ఆయన చూడలేదు' అన్నాడు.

దొంగసంతకం చేయమని అడిగానన్న సంగతి బస్సెక్కాక గానీ నా బుర్రకి తట్టలేదు. డబ్బుకోసం కాదు. అమ్మే ఉద్దేశమూ లేదు. ఇంటికొచ్చిన అతిథి ఒక్క నిమిషం నోరు తెరవాలని. ఆ ఒక్క నిమిషం కోసం చచ్చిపోయిన ఒక పనివాడి పేరు ఆయన చేయని పని మీద వేయబోయాను. ఇంత చెప్పాక కూడా మీరు ఈ పేజీ తిప్పలేదంటే, మీ ఇంట్లోనూ ఎక్కడో ఒక సన్‌మైకా అంటించిన బీరువా ఉండే ఉంటుంది.

నా మనసు కుదుటపడింది ఇదే ఊళ్లో తుపాకులు చేయించుకున్న మరో పిచ్చివాడి కథ వల్ల. 19వ శతాబ్దం చివర్లో చార్లెస్ గోర్డన్ అనే ఆసామి ఎడిన్‌బర్గ్‌లోని జాన్ డిక్సన్ కంపెనీకి వందల తుపాకులు ఆర్డరిచ్చాడు. లోకమంతా తూటాల తుపాకులకి మారిపోయాక కూడా, మూతిలోంచి మందు కూరే పాతరకం తుపాకులు కొత్తగా చేయించుకున్నాడు, అవీ ఉత్తమమైన పనితనంతో. ఇప్పుడు సేకరణదారులు వాటికోసం వెతుక్కుంటారు. నాకు నచ్చింది ఒక్కటే. ఆయన చేయించినవాటి మీద డిక్సన్ పేరుంది, ఎందుకంటే చేసింది డిక్సన్. పాతరకం కావాలనుకున్నాడు, పాతదని చెప్పుకోలేదు.

ప్రస్తుతానికి పరిస్థితి ఇది. ఈ దేశంలో బ్యారెల్ ఒక్కటే విడిగా కొనాలన్నా సర్టిఫికెట్‌లో రాయించుకోవాలి, చట్టం దృష్టిలో అది తుపాకీతో సమానం. పాత రైఫిలుని అలంకారంగా గోడకి పెట్టుకుంటే 1968 చట్టంలో మినహాయింపు ఉంది, కాల్చాలనుకున్న మరుక్షణం అది పోతుంది. సర్టిఫికెట్ దరఖాస్తులో సరైన కారణం చూపమనే గడి ఉంది. అందులో ముందు దుప్పి వేట అని రాసి, నెల్లూరు కుర్రాడు గుర్తొచ్చి కొట్టేసి, క్లబ్బులో గురి సాధన అని రాశాను. బ్యారెల్ తయారయ్యాక మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి కాల్చి పరీక్షించి ముద్ర వేయాలి. అలా పరీక్షించే ప్రూఫ్ హౌస్ స్కాట్లాండులో లేదు, లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో ఒకటి ఉన్నాయి, కాబట్టి రైఫిలు అంత దూరం పోయి రావాలి. ఈలోపు బాయిలర్ మార్పించాం.

కొత్త బ్యారెల్ మీద పెద్దాయన తన ముద్ర, చేసిన ఏడాది వేస్తానన్నాడు, అదీ కింది పలక మీద, చెక్క కప్పేసే చోట. పైపలక ఖాళీగా ఉంటుంది. పాత బ్యారెల్‌కి నూనె పట్టించి, గుడ్డ చుట్టి, అదే ఇనప్పెట్టెలో పక్కన నిలబెడతాను. పైపలక ఖాళీగా ఉందేమని ఎవరైనా అడిగితే అది తీసి చూపిస్తాను. అడగకపోయినా చూపిస్తాను.